గులాబి పురుగు లింగాకర్షక బుట్టలు: బుట్ట కన్నా ల్యూర్ చూసి కొనండి

పత్తిలో గులాబి రంగు పురుగు కోసం ఎరువుల దుకాణాల్లో అమ్మే లింగాకర్షక బుట్ట సెట్టులో మూడు వస్తువులు ఉంటాయి. పైన మూత ఉన్న ప్లాస్టిక్ గరాటు, దాని కింద కట్టే పొడవాటి పాలిథీన్ సంచి, రేకు పొట్లంలో వేలి గోరంత రబ్బరు బిళ్ల. చూపుకు పెద్దది గరాటే కాబట్టి బేరమంతా దాని మీదే సాగుతుంది. పని చేసేది మాత్రం ఆ రబ్బరు బిళ్ల. దాన్నే ల్యూర్ అంటారు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. చేలో పురుగు ఎప్పుడు దిగింది, ఎంత దిగింది అని తెలుసుకోడానికి ఇంత చవకైన, ఇంత నమ్మకమైన సాధనం ఇంకోటి లేదు. పత్తి వేసే ప్రతి రైతూ పెట్టుకోవాలి. అదే బుట్టను పురుగుమందుకు బదులుగా ఒక్క రైతు తన రెండెకరాల్లో పెట్టి నిశ్చింతగా కూర్చుంటే పంట పోతుంది. ఈ రెండు మాటలకూ కారణం ఒకటే. అది మగ రెక్కల పురుగు మీసాల్లో ఉంది.

ఆడ పురుగు రాత్రి మూడో జాములో, పొట్ట చివరి గ్రంథి నుంచి ఒక వాసన వదులుతుంది. గులాబి పురుగు విషయంలో అది రెండు పదార్థాల మిశ్రమం. రెండింటికీ రసాయన సూత్రం ఒకటే, 16 కార్బన్ల గొలుసు ఒకటే, రెండు జంట బంధాలూ 7, 11 స్థానాల్లోనే. 11వ స్థానంలోని బంధం ఒకదాంట్లో ఒక వైపుకు, రెండోదాంట్లో ఇంకో వైపుకు వంగి ఉంటుంది. తేడా అంతే. ఈ రెండూ దాదాపు సమపాళ్లలో కలిసిందే గాసిప్లూర్. ల్యూర్‌లో నింపేది దీన్నే. 1973లో దీన్ని గుర్తించారు. అంతకుముందు వాడిన హెక్సాల్యూర్ అనే పదార్థం మాత్రం, రకరకాల రసాయనాలను వరసగా పరీక్షిస్తూ పోతే దొరికింది. నిర్మాణంలో అసలు వాసనకు దగ్గరగా ఉన్నా, గాసిప్లూర్ ముందు అది చాలా బలహీనం. దగ్గరి పోలిక సరిపోదు, సరిగ్గా అదే కావాలి.

ఎందుకు అంత పట్టింపు? మగ పురుగు మీసం నిండా సన్నని నూగు ఉంటుంది. ఒక్కో వెంట్రుక మీద కంటికి కనపడని రంధ్రాలు. గాలిలో వచ్చిన వాసన అణువు ఆ రంధ్రం గుండా లోపలికి జారుతుంది. లోపల ఉన్నది నీటి ద్రవం, వాసన అణువు నూనె స్వభావం కలది. అందుకని ఒక ప్రోటీన్ దాన్ని మోసుకుని నాడీకణం పొర దాకా చేరుస్తుంది. ఆ పొరలో ఉండి వాసనను పట్టేదే గ్రాహకం. కీటకాల వాసన గ్రాహకం ఒంటరిగా పని చేయదు. ఫలానా వాసనను పట్టే ప్రోటీన్ ఒకటి, ఆర్కో అనే తోడు ప్రోటీన్ ఇంకొకటి, రెండూ కలిసి పొరలో ఒక ద్వారం కడతాయి. సరైన అణువు కూర్చోగానే ద్వారం తెరుచుకుంటుంది, అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, లోపలికి పోతాయి, నాడి మోగుతుంది. కీటకాల్లో ఈ జంట నేరుగా అయాన్ల ద్వారంలా పని చేస్తుందని 2008లో తేలింది. ఆర్కో ఆకారం అణువుల స్థాయిలో 2018లో కనిపించింది. మన ముక్కులోని గ్రాహకాలు వేరే జాతివి, వాటి పని తీరు కూడా వేరు.

దీని సున్నితత్వం ఎంతో తెలియాలంటే పట్టు పురుగును చూడాలి. ఆడ పట్టు పురుగు వాసన బాంబికాల్‌ను జర్మన్ రసాయన శాస్త్రవేత్త బ్యూటెనాండ్ట్ బృందం 1959లో ప్రకటించింది. దానికోసం 5 లక్షల ఆడ పురుగుల గ్రంథులు కావాల్సి వచ్చాయి. మగ పురుగు మీసంలోని నాడి మోగడానికి మాత్రం ఒక్క అణువు చాలు.

లోపలికి వచ్చిన అణువును వెంటనే తుడిచేసే ఎంజైములు కూడా ఆ వెంట్రుకలోనే ఉంటాయి. ఇది చిన్న సంగతి కాదు. వాసన గాలిలో ఏకధారగా రాదు, పోగులు పోగులుగా వస్తుంది. పోగు తగిలినప్పుడు మగ పురుగు గాలికి ఎదురు ఎగురుతుంది. తప్పిపోతే అడ్డంగా అటూ ఇటూ తిరిగి మళ్లీ వెతుకుతుంది. పాత పోగు చెరిగిపోతేనే కొత్త పోగు తెలుస్తుంది. బుట్ట పని చేసేది దీనివల్లే. వాసనతో చేనంతా నింపి జతకట్టకుండా చేసే పద్ధతి పని చేసేది కూడా దీనివల్లే, కాకపోతే ఇదే లక్షణాన్ని తలకిందులు చేసి.

చాలా పిచికారీ మందులూ పురుగు నాడుల్లోనో కండరాల్లోనో ఉండే ఏదో ఒక ద్వారాన్నే పట్టుకుంటాయి. పైరిథ్రాయిడ్లు సోడియం ద్వారాన్ని, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని, క్లోరాంట్రానిలిప్రోల్ కండరంలోని రయనోడిన్ గ్రాహకాన్ని. ఈ లక్ష్యాలు కీటకాలన్నిటిలో కొద్ది తేడాలతో ఉండేవే. అందుకే శత్రు పురుగుతో పాటు మిత్ర పురుగుకు కూడా ఎంతో కొంత ముప్పు. ఆర్కోను నేరుగా తెరిచే వీయూఏఏ1 అనే పదార్థాన్ని 2011లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ పరిశోధకులు కనుగొన్నారు. ఆర్కో దాదాపు అన్ని కీటకాల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి అలాంటి మందు తేనెటీగను కూడా వదలదు. గాసిప్లూర్ ఆర్కోకు తోడుగా ఉండే ప్రత్యేక గ్రాహకాన్ని తాకుతుంది, అది గులాబి పురుగుది. ఈ పద్ధతి గొప్పతనం అక్కడే ఉంది.

ఇక కొనే సంగతి. గరాటు, సంచి రకం మన చేలకు సరైనది. ధూళికీ వానకూ తట్టుకుంటుంది, ఏళ్ల తరబడి వాడొచ్చు, సంచి ఒక్కటి మారిస్తే చాలు. కొనేటప్పుడు మూతకూ గరాటు అంచుకూ మధ్య ఖాళీ చూడండి. మరీ ఇరుకైతే పురుగు లోపలికి రాదు, మరీ ఎడమైతే వాన జల్లు సంచిలోకి దిగుతుంది. ల్యూర్ పట్టే గిన్నె మూత కింద సరిగ్గా నడిమధ్యన, గరాటు నోటికి పైన ఉండాలి. కొన్ని సెట్లలో ఆ గిన్నె వదులుగా ఉండి గాలికి ల్యూర్ సంచిలోకి జారిపోతుంది. అప్పుడు వాసన సంచి అడుగు నుంచి వస్తుంది, పురుగు సంచి చుట్టూ తిరిగి పోతుంది. రంగు విషయంలో ఆకుపచ్చ మూత మేలు. తెలుపు, పసుపు మూతలకు పగటి పూట తేనెటీగలు వచ్చి పడతాయి.

డెల్టా ట్రాప్, అంటే లోపల జిగురు అట్ట ఉండే త్రికోణపు డబ్బా, పురుగు తక్కువగా ఉన్న రోజుల్లో గరాటు కన్నా నమ్మకంగా పట్టుకుంటుంది. గులాబి రెక్కల పురుగు చిన్నది, 8 నుంచి 10 మిల్లీమీటర్లు. గరాటు అంచు మీద వాలి తిరిగి ఎగిరిపోయేవి కొన్ని ఉంటాయి. జిగురు మీద వాలితే మాత్రం తప్పించుకోలేదు. కానీ జిగురు అట్ట రేగడి దుమ్ముకు కొద్ది రోజుల్లోనే మొద్దుబారుతుంది, నిండితే కొత్త పురుగు అంటదు. జిన్నింగ్ మిల్లు, పత్తి నిల్వ గోదాము దగ్గరికి డెల్టా, చేలోకి గరాటు. మేమైతే ఇలాగే సలహా ఇస్తాం.

ల్యూర్ కొనేటప్పుడు చూడాల్సినవి ఎక్కువ. పొట్లం రేకుదై ఉండాలి, అంచులు గట్టిగా అతికి ఉండాలి. మామూలు ప్లాస్టిక్ కవరులో ఉన్నదాన్ని తీసుకోకండి. వాసన అణువులు పల్చటి ప్లాస్టిక్ గుండా మెల్లగా బయటికి పోతూనే ఉంటాయి. పొట్లం మీద పురుగు పేరు, తయారీ తేదీ, గడువు తేదీ మూడూ ఉండాలి. ఎండ పడే అరలో వేలాడదీసిన పొట్లాలు వద్దు. ఇంట్లో తెరవని పొట్లాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి. సీజన్ మొత్తానికి ఒకేసారి కొని గూట్లో పెడితే మూడో విడత పెట్టేనాటికి సగం సత్తువ ఉండదు.

లోపలి మిశ్రమం నాణ్యత కంటికి తెలియదు, మన ముక్కుకీ తెలియదు. రెండు కంపెనీల ల్యూర్లలో ఏది మేలో తేల్చుకోవాలంటే చేనే పరీక్ష పెట్టాలి. ఒకే రకం బుట్టలు, ఒకే ఎత్తు, నలభై యాభై మీటర్ల ఎడం. ఒక దాంట్లో ఒక కంపెనీది, పక్క దాంట్లో రెండోది. రెండు రాత్రులకోసారి ల్యూర్ల చోట్లు తారుమారు చేయండి. చోటు మార్చినా ఒకే ల్యూర్‌కు ఎక్కువ పడుతుంటే అది ల్యూర్ గొప్ప. చోటుతో పాటు లెక్క మారితే అది చోటు గొప్ప. ఇలా తారుమారు చేయకుండా రైతులు చెప్పుకునే పోలికలు చాలా వరకు గాలి వాటం, గట్టు దగ్గరితనం చూపించేవే.

పెట్టే పద్ధతి కష్టమేమీ కాదు. విత్తిన 45 రోజులకు, గూడ (పూమొగ్గ) కట్టే వేళకు బుట్ట చేలో ఉండాలి. నిఘా కోసమైతే ఎకరాకు రెండు. వెదురు కర్ర గట్టిగా పాతి, బుట్ట మొక్క తలకన్నా ఒక అడుగు పైన ఉండేలా కట్టండి. మొక్క పెరుగుతుంది, బుట్ట పెరగదు. పదిహేను రోజులకోసారి పైకి జరపకపోతే ఆకుల మధ్య మునిగిపోయి వాసన పోగు చేలోకి పారదు. లెక్క పడిపోతుంది, రైతు పురుగు తగ్గిందనుకుంటాడు. సంచి అడుగు ముడి వేసి, ఆ ముడిని కర్రకు వదులుగా కట్టాలి. లేకపోతే గాలికి సంచి మెలిపడి గరాటు నోరు మూసుకుపోతుంది. గట్టు మీద చెట్ల నీడలో కాకుండా చేలోకి నాలుగైదు మీటర్లు లోపలికి పెట్టండి.

ల్యూర్‌ను చేత్తో ముట్టుకోవద్దన్న మాట అందరూ చెబుతారు, కారణం కొద్దిమందే చెబుతారు. పురుగుమందు అంటిన వేలు, పొగాకు వేలు మాత్రమే సమస్య కాదు. ఇంకో పురుగు ల్యూర్ పట్టుకున్న వేలు అంతకన్నా చేటు. శనగపచ్చ పురుగు ల్యూర్ పెట్టి, అదే చేత్తో గులాబి పురుగు ల్యూర్ తీస్తే రెండూ పాడవుతాయి. మగ పురుగు మీసంలో తన జాతి వాసనను పట్టే నాడులతో పాటు, పరాయి జాతి వాసనను పట్టి 'ఇటు రావద్దు' అని చెప్పే నాడులు కూడా చాలా జాతుల్లో ఉంటాయి. ఒకే బుట్టలో రెండు రకాల ల్యూర్లు వేసి డబ్బు మిగిల్చామనుకునేవారు గమనించాల్సింది ఇదే. శనగపచ్చ పురుగుకు ఒక బుట్ట, లద్దె పురుగుకు ఒకటి, గులాబి పురుగుకు ఒకటి. పొట్లం అంచు చించి, పొట్లంలోంచే ల్యూర్‌ను గిన్నెలోకి నెట్టండి. చేయి తగలనే తగలదు.

ల్యూర్ జీవితం మూడు నాలుగు వారాలు. ఎండ తీవ్రంగా ఉంటే మూడు వారాలకే మార్చండి. రబ్బరు లోంచి వాసన మొదటి రోజుల్లో ఎక్కువగా, తర్వాత తగ్గుతూ వస్తుంది. అందుకే అన్ని బుట్టల్లో ఒకే రోజు మార్చాలి. ఒక బుట్టలో కొత్తది, ఒక బుట్టలో పాతది ఉంటే వాటి లెక్కలకు పొంతన ఉండదు. తీసేసిన పాత ల్యూర్‌ను, ఖాళీ పొట్లాన్ని చేలో పారేయకండి. అందులో ఇంకా వాసన ఉంటుంది, మగ పురుగు బుట్టను వదిలి నేల మీది ముక్క చుట్టూ తిరుగుతుంది. ఓ డబ్బాలో పోగేసి చేనికి దూరంగా పూడ్చండి.

ఇప్పుడు లెక్క. ఒక్కో బుట్టలో రాత్రికి 8 మగ పురుగులు, వరుసగా మూడు రాత్రులు పడితే అది మందు కొట్టాల్సిన హద్దు. పొద్దున్నే చూడాలి. ఆలస్యమైతే చీమలు, సాలీళ్లు, బల్లులు లెక్క మార్చేస్తాయి. సంచిలో రెక్కల ముక్కలు మాత్రమే కనిపిస్తే చీమలు ఎక్కుతున్నట్టే, కర్రకు నడుమ గ్రీజు పూయండి. పడిందల్లా గులాబి పురుగు కాదు. బూడిద గోధుమ రంగు, ముందు రెక్కల మీద నల్లటి మచ్చలు, వెనక రెక్కల అంచున కుచ్చు ఉంటే అది. ఊరి పక్క చేలల్లో, వడ్ల గాదెలకు దగ్గరగా పెట్టిన బుట్టల్లో గడ్డి రంగు చిన్న రెక్కల పురుగులు పడొచ్చు. నిల్వ ధాన్యాన్ని తొలిచే వడ్ల చిలుక అది. దాని ఆడపురుగు వదిలే వాసన గాసిప్లూర్‌లోని రెండు పదార్థాల్లో ఒకటి. ఆ మగవి మోసపోయి వస్తాయి. వాటిని లెక్కలోంచి తీసేయండి.

బుట్ట చెప్పేది మగ పురుగుల సంగతి. కాయలో ఏముందో కాయే చెప్పాలి. వారానికోసారి ఎకరాలో అక్కడక్కడ తిరిగి 20 పచ్చి కాయలు, రెండు మూడు వారాల వయసువి, కోసి చీల్చి చూడండి. రెండింట్లో పురుగు ఉన్నా 10 శాతం, అదీ హద్దే. గుడ్డి పూలు, అంటే రేకులు విచ్చుకోకుండా మెలిపడిన పూలు కూడా అదే హద్దుతో లెక్కేయాలి. వాటిని ఏరి నలిపేయాలి. ఈ పురుగు గుడ్డు పగిలిన కాసేపటికే కాయలోకి దూరుతుంది, దూరిన రంధ్రం పూడుకుపోతుంది. ఆ తర్వాత ఏ మందూ దాన్ని అందుకోలేదు. అందుకే బుట్ట హద్దు దాటిన రెండు మూడు రోజుల్లోనే పిచికారీ జరగాలి. థయోడికార్బ్ 75 శాతం పొడి లీటరుకు 1.5 గ్రాములు గానీ ప్రొఫెనోఫాస్ 50 శాతం 2 మిల్లీలీటర్లు గానీ. సింథటిక్ పైరిథ్రాయిడ్లను నవంబరు దాకా ముట్టుకోకపోవడం మంచిది, తెల్లదోమ రేగుతుంది.

బుట్టలతోనే పురుగును పట్టేసే పద్ధతి, ఎకరాకు ఎనిమిది పది బుట్టలు, గురించి దుకాణాల్లో ఎక్కువ చెబుతారు. దీని మీద మాకు ఆశ తక్కువ. బుట్టలో పడేది మగది. ఒక్క మగ పురుగు చాలా ఆడ పురుగులతో జతకట్టగలదు కాబట్టి సగం మగవి పోయినా గుడ్లు సగమవ్వవు. పైగా పక్క చేలో జతకట్టిన ఆడది ఎగిరి వచ్చి మన కాయ మీద గుడ్డు పెడితే బుట్ట ఏమీ చేయలేదు. ఊళ్లో పక్కపక్క చేలన్నీ, సీజన్ మొదట్లో పురుగు పల్చగా ఉన్నప్పుడే, ఒకేసారి పెడితే ఫలితం ఉంటుంది. పూత నిండాక, రాత్రికి ఇరవై ముప్పై పడుతున్నప్పుడు బుట్టలు పెంచడం ఆలస్యమైన పని.

గాసిప్లూర్ నింపిన తీగ ముక్కలు, మైనం లాంటి పేస్టు కూడా ఇప్పుడు మన దగ్గర దొరుకుతున్నాయి. పేస్టు తయారీదార్లలో హైదరాబాద్ కంపెనీ ఏటీజీసీ బయోటెక్ కూడా ఉంది. వీటికి బుట్ట అక్కర్లేదు. మొక్కలకు కడితే, చుక్కలుగా పెడితే చేనంతా వాసన నిండుతుంది. మగవాటి గ్రాహకాలు అలసిపోతాయి, అబద్ధపు దారుల వెంట తిరుగుతాయి, ఆడది దొరకదు. అమెరికాలో గాసిప్లూర్‌కు ఇలాంటి వాడకానికి 1978లోనే అనుమతి వచ్చింది. అక్కడి పత్తిలో గులాబి పురుగు పూర్తిగా పోయిందని 2018 అక్టోబరులో ప్రకటించారు. అది వాసన ఒక్కదానితో వచ్చిన విజయం కాదు. బీటీ పత్తి, గొడ్డు మగ పురుగులను వదలడం, పంట కాగానే కట్టె దున్నేయడం అన్నీ కలిశాయి. మన దగ్గర బీటీని పురుగు తట్టుకోవడం 2010లో గుజరాత్‌లో బయటపడింది, ఆ తర్వాత రెండు బీటీ జన్యువులున్న బీజీ-2 పత్తిని కూడా తట్టుకుంది. కాబట్టి మనకు మిగిలిన పనిముట్లలో ఈ తీగ, పేస్టు విలువైనవి. ఖర్చు బుట్టకన్నా చాలా ఎక్కువ, ఒంటరి ఎకరంలో దండగ, పక్కపక్క చేలన్నీ కలిస్తే పెట్టదగినవి. మొదటి పూతకు ముందే పెట్టాలి.

ఇవి పెట్టిన చేలో ఒక చిక్కుంది. బుట్టల లెక్క సున్నాకు పడిపోతుంది. మగ పురుగుకు బుట్ట కూడా దొరకదు కాబట్టి ఆ సున్నా పురుగు లేదని చెప్పదు, మీసాలు మూసుకుపోయాయని చెబుతుంది. అలాంటి చేలో కాయలు కోసి చూడటమే లెక్క.

పురుగు ఈ వాసనకు కూడా అలవాటు పడదా అని అడిగేవారున్నారు. జపాన్ తేయాకు తోటల్లో అలా జరిగింది. అక్కడి ఆకుచుట్టు పురుగు మీద ఒకే పదార్థంతో చేసిన, వాసన వదిలే డిస్పెన్సర్లు 1980ల నుంచి వాడారు, పని తగ్గుతూ వచ్చింది. ఆడ పురుగు వదిలే పదార్థాలన్నీ కలిపిన మిశ్రమానికి మారాక మళ్లీ పని చేసింది. గాసిప్లూర్‌లో రెండు పదార్థాలూ ఉన్నాయి. తయారీలో వాటి పాళ్లు తప్పితేనే భయం. ల్యూర్ ఎంపికలో ఇంత పట్టు పట్టమనేది అందుకే.

మార్కులు ఇవ్వాలంటే: నిఘాకు గరాటు బుట్ట, మంచి ల్యూర్ కలిపి 5కి 4.5. అర మార్కు తగ్గించింది చాలా సెట్లలో ల్యూర్ గిన్నె వదులుగా ఉండటానికి, సంచి పల్చగా ఉండటానికి. ఊరంతా కలిసిన తీగ, పేస్టులకు 4. ఒంటరి చేలో పురుగును పట్టేయడానికి పెట్టే ఎకరాకు ఎనిమిది పది బుట్టలకు 1.5. పత్తి తీశాక కట్టె పీకేసి బుట్టలు ఇంటికి తెచ్చేటప్పుడు గరాట్లను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. పాత సంచులు పారేయండి. వచ్చే ఏడు అదే గరాటును లద్దె పురుగు ల్యూర్‌కు మార్చకండి, ప్లాస్టిక్ వాసనను పట్టుకుని ఉంచుకుంటుంది. మూత మీద శాశ్వత మార్కర్‌తో పురుగు పేరు రాసి పెట్టుకోండి.